ఏడో నంబరు చెవి

జూన్ 3, మంగళవారం

ఈ నోటుబుక్ నా కోసం కొన్నది కాదు. మాటల కోసం కొన్నాను. ఇదివరకు మూడు నిండాయి, వాటిలో నా మాట ఒక్కటి లేదు. అన్నీ కింద షాపులో వాళ్లూ వీళ్లూ అన్నవే. నాలుగోదాంట్లో మాత్రం మొదటి పేజీయే నా గోల. ఏం చెయ్యను, చెప్పుకుందామంటే మనిషి లేదు.

నాది బొమ్మల కథల పుస్తకానికి సిరా పెట్టే పని. పెన్సిలాయన గీసిస్తాడు, నేను ఇంకింగ్ చేస్తాను. బ్యాక్‌గ్రౌండ్లూ, గుంపులో మొహాలూ పూర్తిగా నావే. పుస్తకం పేరు దండోరియా. అదొక దేశం. అక్కడ ఏదైనా దండోరా వేశాకే జరగాలి. వాన కూడా. దండోరా లేకుండా వాన పడితే తడిసినవాళ్లకి శిక్ష. కిటికీలకి కర్టెన్లు నిషేధం. నవ్వాలంటే పర్మిట్. మహామార్షల్ వీపు ఎవరూ చూడకూడదు కాబట్టి ఆయన గదిలోంచి వెనక్కి నడుస్తూ బయటికి పోతాడు. ఒక్కోసారి తలుపుకి గుద్దుకుంటాడు. అప్పుడు తలుపుని అరెస్టు చేస్తారు. పిల్లలు పడీపడీ నవ్వుతారు. పెద్దాళ్లు కూడా కొంటారు, పిల్లల కోసమని చెప్పి.

నేనుండేది బావ సెలూన్ మీద అటకలాంటి గదిలో. నా కాపురం చెడిపోయి రెండు బ్యాగులతో వచ్చిన రోజు అక్క ఏడుస్తూ కూర్చుంటే, బావ మాత్రం గది ఊడ్చి, బల్ల ఎక్కించి, బల్బు మార్చి, మరదలా వెలుతురు సరిపోతుందా అని అడిగాడు. అంతే, ఇంకే ప్రశ్నా లేదు. ఎనిమిదేళ్లయింది. గదికి కిటికీ లేదు, వెంటిలేటర్ ఉంది. అది సరిగ్గా షాపు అద్దం పైన తెరుచుకుంటుంది. గాలి అటునుంచే, మాటలూ అటునుంచే. షాపు గోల నీకు ఇబ్బందేమో అని బావ మొదట్లో నొచ్చుకుంటే, ఇయర్‌ఫోన్స్‌లో పాటలు పెట్టుకుంటాలే బావా, ఏమీ వినపడదు అన్నాను. అప్పుడు అది మర్యాద కోసం ఆడిన అబద్ధం.

తర్వాత రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకసారి నా నోటమ్మట షాపులో విన్న మాటేదో వస్తే దండోరియా కథ రాసే రైటరు గారు ఎగిరి గంతేశారు. జనం ఇలా మాట్లాడతారమ్మా, ఇంకా తెండి అన్నారు. తెచ్చాను. గోడలకి చెవులుంటాయంటారు కదా, ఈ గోడకి నేనున్నాను.

ఇవాళ కొత్త సంచిక వచ్చింది. అందులో కొత్త పాత్ర. దండోరియాలో వేగులవాళ్లని చెవులంటారు, నంబర్లుంటాయి. ఏడో నంబరు చెవి ఒక క్షౌరశాలాయన. గడ్డాలు గీస్తూ జనం గుట్టు విని మార్షల్‌కి మోస్తాడు. బ్యాక్‌గ్రౌండ్‌కి రిఫరెన్స్ కావాలి కదా, మెట్లు దిగితే షాపే. మూల పగిలిన అద్దం, టేపు చుట్టిన కుర్చీ చెయ్యి, గోడకి కొక్కేలు, అన్నీ దింపేశాను. మొహం మాత్రం మార్చాను. లావు కళ్లద్దాలు పెట్టాను, జుట్టు పీకేశాను.

బావ చూసి మురిసిపోయాడు. మన షాపే అని ఆ పేజీ కత్తిరించి అద్దం పక్కన అంటించాడు. వచ్చినవాళ్లకల్లా మా మరదలు గీసిందని చూపిస్తున్నాడు. ఆయన వేలు పెట్టి చూపిస్తుంటే అప్పుడు గమనించాను. బొమ్మలో కత్తి పట్టుకున్న చేతికి చిటికెన వేలు వంకర. బావ వేలే. నాకు తెలియకుండానే గీశాను.

జూన్ 5

అసలు సంగతి రాయలేదు మొన్న. రాయడానికి చెయ్యి రాలేదు.

షాపులో పదకొండు కొక్కేలున్నాయి. పదకొండు షేవింగ్ బ్రష్‌లు. పాత గిరాకీలు ఎవరి బ్రష్ వాళ్లు అక్కడే ఉంచుకుంటారు. దాన్ని బట్టి ఆ మనిషి ఈ షాపు మనిషని లెక్క. లెక్కల మాస్టారి బ్రష్ పిడి విరిగిపోయినా మార్చరు. కరెంటు లైన్‌మాన్ బ్రష్‌కి ఆకుపచ్చ తీగ చుట్టి ఉంటుంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం షాపులో ఇంకెవరూ లేరు. లైన్‌మాన్ గడ్డానికి నురగతో కూర్చుని బావతో చెప్పాడు. పోయినేడాది స్తంభం మీద కాలు జారినప్పటి నుంచి మూడో మెట్టు దాటితే నా చేతులు నావి కావు అన్నాడు. జోడీవాడు ఎక్కుతాడట, ఈయన కింద నిచ్చెన పట్టుకుంటాడట, ఆఫీసులో తెలియదట. నాలుగేళ్లలో రిటైర్మెంట్, అందాకా గుట్టు దాగితే చాలన్నాడు. చెబుతూ ఏడ్చాడు. బావ చెయ్యి ఆపి, ఈ కుర్చీలో అన్నమాట టవల్ దులిపినప్పుడే దులిపేస్తానన్నా, నువ్వు కంగారుపడకు అన్నాడు.

నేను పైన రాసుకున్నాను. మాట మాట రాసుకున్నాను. ఎంత బాగా చెప్పాడో అనుకున్నాను కూడా. ఆ వారమే ఆ మాట రైటరు గారికి ఇచ్చేశాను.

కొత్త సంచికలో ఒక బురుజు సిపాయి ఉన్నాడు. మూడో మెట్టు దాటితే నా చేతులు నావి కావు అని ఏడో చెవికి చెప్పుకుంటాడు. పదకొండో పేజీలో మార్షల్ వాడిని అన్నిటికన్నా ఎత్తు బురుజు ఎక్కి సెల్యూట్ చెయ్యమంటాడు.

లక్షమందిలో ఎవడికి తెలుస్తుందిలే అనుకున్నాను. తెలియదు కూడా. చూద్దాం.

జూన్ 9

షాపులో కొత్త సరదా. బావని ఏడో చెవి అంటున్నారు. అమ్మో, ఆయన ముందు మాట్లాడకండ్రా, మార్షల్‌కి చేరిపోతుంది అని ఒకరు, నా బట్టతల సంగతి మాత్రం రిపోర్టు చెయ్యకయ్యా అని ఒకరు. బావ అందరికన్నా గట్టిగా నవ్వుతున్నాడు.

నేను నవ్వలేకపోతున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా బతుకు.

జూన్ 12, సాయంత్రం

జరిగింది.

లెక్కల మాస్టారు వచ్చి బావకి చెబుతుంటే విన్నాను. ఇప్పుడు కూడా వింటూనే ఉన్నాను చూడు, బుద్ధి లేదు. లైన్‌మాన్ ఆఫీసులో ఎవరో కుర్రాళ్లు దండోరియా చదువుతూ, ఈ సిపాయి మన పెద్దాయనలా లేడూ, ఎప్పుడూ కిందే ఉంటాడు అని నవ్వుకున్నారట. సూపర్‌వైజర్ విన్నాడట. నిన్న పొద్దున అందరి ముందూ ఎక్కమన్నాడట. లైన్‌మాన్ ఎక్కాడు. ఎక్కకపోతే ఒప్పుకున్నట్టే కదా. నాలుగో మెట్టు మీద స్తంభాన్ని కావలించుకుని ఉండిపోయాడట. పైకీ లేదు, కిందికీ లేదు. నలభై నిమిషాలు. కింద జనం. చివరికి ఇద్దరు నడుముకి తాడు కట్టి దింపారట.

మా పెన్సిలాయన పదకొండో పేజీలో సిపాయిని సరిగ్గా అలాగే గీశాడు, బురుజుని కావలించుకుని. నేను సిరా పెట్టాను. చేతులు వణుకుతున్నట్టు చిన్న చిన్న గీతలు కూడా పెట్టాను. అవి బాగా వచ్చాయని రైటరు గారు మెచ్చుకున్నారు.

జూన్ 13

లైన్‌మాన్ వచ్చాడు. అద్దం పక్కన అంటించిన పేజీ కాసేపు చూశాడు. తర్వాత కొక్కెం మీంచి తన బ్రష్ తీసుకుని, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

బావ వెనకాలే పరిగెత్తాడు. అన్నా, అన్నా అని వీధి మలుపు దాకా వినిపించింది.

జూన్ 14

ఇంకో రెండు బ్రష్‌లు పోయాయి.

జూన్ 17, మంగళవారం

అన్నాల దగ్గర బావ అడిగాడు. రోజూ జోకులేసే మనిషి, నాలుగు రోజులుగా కంచం వంక చూసి తింటున్నాడు. మరదలా, లైన్‌మాన్ సంగతి నీకు నేనెప్పుడైనా చెప్పానా అన్నాడు. ఆలోచించి ఆలోచించి తల పగిలిపోతోందట. ఎవరికీ చెప్పినట్టు గుర్తులేదట. కానీ ఆ మాట విన్నది తనొక్కడే, బొమ్మ వేసింది తన ఇంటి మనిషి, మరి తను కాకపోతే ఎవరు? పెదవి దాటితే పృథివి దాటుతుందని మా నాయన చెప్పేవాడు, ముప్పై ఏళ్లు కాపాడుకున్నాను, ఏ పూట జారిందో నోరు అన్నాడు.

అప్పుడు చెప్పాలి. అంత కంటే మంచి సమయం దేవుడు దిగొచ్చినా ఇవ్వడు. అక్క కూర వడ్డిస్తోంది. బావ నా మొహంలోకి చూస్తున్నాడు, నేను కాదంటానని ఆశగా.

ఏమో బావా, చెప్పావేమో అన్నాను.

ఆయన తలూపాడు. అయితే చెప్పే ఉంటాను అన్నాడు. ఇంకో ముద్ద తినకుండా చెయ్యి కడుక్కున్నాడు. వయసు మీద పడుతోంది, మతిమరుపు అంది అక్క. నేను మాత్రం పెరుగన్నం కలుపుకుని పూర్తిగా తిన్నాను. అది రాయాలి. పూర్తిగా తిన్నాను.

జూన్ 18

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే వినడమే గానీ చూడలేదనుకునేదాన్ని. అద్దంలో చూశాను.

జూన్ 21, శనివారం

స్టూడియోకి వెళ్లాను. రైటరు గారి బల్ల నిండా పాఠకుల ఉత్తరాలు. అందరికీ ఏడో చెవి కావాలట, వాడికి తగిన శాస్తి జరగాలట. వచ్చే సంచికలో జనం ఏడో చెవిని పట్టుకుని, సగం గుండు గీసి, వాడి కుర్చీలోనే కట్టేసి వీధుల్లో ఊరేగిస్తారు. పెన్సిల్ బొమ్మలు కూడా రెడీ. పేజీ నా చేతిలో పెట్టారు. కుర్చీ చేతికి టేపు చుట్టి ఉంది. నేను మొదలుపెట్టిన టేపే.

సార్, ఇది వద్దు, వేరే ఏదైనా చేద్దాం అన్నాను. ఎందుకన్నారు. జవాబు ఉంది, చెప్పలేదు. పైగా కొత్త మాటలేమైనా తెచ్చారా అని అడిగారు. ఈ వారం షాపులో ఎవరూ మాట్లాడడం లేదు సార్ అన్నాను. అది మాత్రం నిజం. అద్దం పక్కన పేజీ బావ పీకేశాడు గానీ, జిగురు మచ్చ అలాగే ఉంది. వచ్చిన నలుగురూ నోళ్లు కుట్టేసుకుని కూర్చుంటున్నారు. కత్తెర చప్పుడొక్కటే పైకొస్తోంది. దండోరియాలో కూడా ఇంత నిశ్శబ్దం గీయలేదు నేను.

జూన్ 24

ఒక తెలివైన పని చేశాననుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చివరి పేజీలో సొంతంగా ఒక బొమ్మ గడి మార్చాను. ఊరేగింపు వెళుతుంటే, పైన వెంటిలేటర్ వెనకాల ఒక ఆడమనిషి, చేతిలో నోటుబుక్. అసలు చెవి ఆవిడ. క్షౌరశాలాయనకి పాపం ఏమీ తెలియదు. మొహం నాదే పెట్టాను, గడ్డం కింద పుట్టుమచ్చతో సహా. అచ్చయితే అందరూ చూస్తారు, నేను నోరు తెరవనక్కర్లేదు.

రైటరు గారు చూసి బల్ల చరిచారు. ఏం ట్విస్టమ్మా అన్నారు. ఉంచేద్దామన్నారు. కాకపోతే ఈ ఆడావిడ మొహం మరీ మెత్తగా ఉంది, ఇంత పని చేసిందంటే ఎవరూ నమ్మరు అని, పెన్సిలాయన చేత మీసాలవాడి మొహం గీయించి దాని మీద అంటించారు. జిగురు ఆరేదాకా నేనే వేలితో నొక్కి పట్టుకున్నాను.

జూన్ 27, శుక్రవారం

మూడు బ్రష్‌లు మిగిలాయి.

బావ చెవుల్లో దూది పెట్టుకుంటున్నాడు. నిన్నటి నుంచి. గిరాకీ రాగానే వాళ్లకి చూపించి మరీ, రెండు ఉండలు చుట్టి రెండు చెవుల్లో కుక్కుకుంటున్నాడు. మీరు ధైర్యంగా మాట్లాడుకోండి అంటున్నాడు. ఎవరు మాట్లాడతారు? జుట్టు ఎంత తియ్యాలో వేళ్లతో చూపిస్తున్నారు. ముప్పై ఏళ్లుగా ఊరందరి పెళ్లిళ్లూ, తగాదాలూ, మోకాళ్ల నొప్పులూ విన్న మనిషి.

అక్క చెప్పింది, పొద్దున బావ లైన్‌మాన్ ఇంటికి వెళ్లాడట. నా నోరు జారిందన్నా, తప్పయిపోయింది అని తలుపు బయట నిలబడి చెప్పాడట. వాళ్లావిడ తలుపు తియ్యలేదట. లైన్‌మాన్‌ని స్టోర్‌లో వేశారు, బల్బులు లెక్కపెట్టే పని. దారిలో పిల్లలు సెల్యూట్ చేస్తున్నారట ఆయనకి.

చెయ్యని తప్పుకి బావ క్షమాపణ చెప్పి వచ్చాడు. చేసినదాన్ని నేను ఫ్యాను కింద కూర్చుని ఉన్నాను.

అదే రోజు, మధ్యాహ్నం 3

దిగాను. షాపులో బావ ఒక్కడే, కత్తి నూరుకుంటున్నాడు. వీపు నా వైపు. గుమ్మంలోనే నిలబడి గబగబా చెప్పేశాను. బావా, నువ్వు చెప్పలేదు, నేను పైనుంచి విన్నాను, నేనే రాశాను అని. మొత్తం. గుండె మీంచి బండ దిగినట్టయింది.

బావ అద్దంలో నన్ను చూసి, చెవిలో దూది తీసి, ఏంటమ్మా అన్నాడు.

అక్క టీకి రమ్మంటోంది అన్నాను.

జూన్ 28

ఛీ.

జూన్ 30, సోమవారం

పొద్దున ఏడున్నరకి, షాపు తెరిచిన వెంటనే దిగాను. కిందికొస్తే నోరు పెగలదని తెలిసిపోయింది కాబట్టి ఇంకో దారి చూసుకున్నాను. బావా, నా బల్ల మీద కొత్త పేజీలున్నాయి, ఒకసారి పైకెళ్లి చూడవా, వెలుతురులో చూడాలి, దూది కూడా తీసెయ్యి, తలనొప్పి వస్తుంది అన్నాను. ఏమీ అనుమానించకుండా వెళ్లాడు. మెట్లు ఎక్కుతున్న చప్పుడు లెక్కపెట్టుకున్నాను. నా కుర్చీ కిర్రుమంది.

అప్పుడు టేపు చుట్టిన కుర్చీలో కూర్చున్నాను. లైన్‌మాన్ కూర్చునే చోట. అద్దంలో నా మొహం, పగిలిన మూల. ఎనిమిదేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. గట్టిగా మాట్లాడలేదు. ఏప్రిల్‌లో లైన్‌మాన్ ఎంత గొంతుతో చెప్పుకున్నాడో అంత గొంతుతోనే చెప్పాను. నీ నోరు జారలేదు బావా అన్నాను. నువ్వు టవల్ దులిపావు, నేను ఏరుకున్నాను అన్నాను. చెప్పావేమో అన్నది అబద్ధం, ఆ రోజు నువ్వు అన్నం వదిలేశావు, నేను తిన్నాను అన్నాను. చెప్పడం అయిపోయాక కూడా లేవలేకపోయాను.

పైన నా కుర్చీ మళ్లీ కిర్రుమంది. తర్వాత మెట్లు.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. పక్కకొచ్చి నిలబడి ఒక్కటే మాట అడిగాడు. ఇయర్‌ఫోన్స్‌లో పాటలన్నావు కదమ్మా అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. సరే పద అన్నాడు. షట్టర్ దించాడు. ఇద్దరం లైన్‌మాన్ ఇంటికి నడిచాం, ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనక. ఈసారి తలుపు లైన్‌మానే తీశాడు, స్టోర్ యూనిఫాంలో. ఈ తప్పు నాది కాదన్నా, మా ఇంటిదే గానీ నాది కాదు అని చెప్పి బావ పక్కకి తప్పుకున్నాడు. మిగతాది నేను చెప్పాను. మూడో నోటుబుక్‌లోంచి ఏప్రిల్‌నాటి ఆ పేజీ చింపి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. నేను ఏడ్చానని కూడా రాశావా అన్నాడు. రాశానన్నాను. అది పుస్తకంలో వెయ్యలేదేం అన్నాడు. చెయ్యి రాలేదన్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలుపు వేసుకున్నాడు, మెల్లగానే.

జూలై 2

అక్క నాతో మాట్లాడడం లేదు. కంచం మాత్రం పెడుతోంది.

మూడు నోటుబుక్కులూ బావకి ఇచ్చేశాను. చదవలేదు. కత్తిరించి చిన్న చిన్న ముక్కలు చేసి, కత్తి మీద నురగ తుడవడానికి వాడుతున్నాడు. పేపరు కంటే మెత్తగా ఉందట. ఇవాళ లెక్కల మాస్టారి గడ్డం నురగ బహుశా లెక్కల మాస్టారి మాటల్లోనే తుడిచి ఉంటాడు.

రైటరు గారు ఫోన్ చేశారు. మాటలు లేవు సార్, ఇక ఉండవు, బొమ్మలైతే గీస్తాను అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

జూలై 4

వడ్రంగిని పిలిచి వెంటిలేటర్ మూయించమన్నాను. గాలెట్లా ఆడుతుంది, ఉడికి చస్తావా అన్నాడు బావ. ఒప్పుకోలేదు. దూది మానేశాడు. దానికి బదులు కొత్త పద్ధతి పెట్టాడు. ఎవరు కుర్చీలో కూర్చున్నా, టవల్ చుట్టే ముందు పైకి వేలు చూపించి, పైన మా మరదలుంది, ఇక్కడ అన్న ప్రతి మాటా వినపడుతుంది, చూసుకుని మాట్లాడండి అని గట్టిగా చెబుతున్నాడు. ఆ వంకర వేలుతోనే. రోజుకి ఇరవైసార్లు. దండోరా అంటే దండోరాయే.

ప్రతిసారీ సిరా బ్రష్ చేతిలోనే ఆగిపోతోంది నాకు. బాగా అయింది.

జూలై 11

వింటున్నానని తెలిసీ మాస్టారు ఇవాళ తన మోకాలి నొప్పి గురించి పావుగంట చెప్పారు. మధ్యలో, అమ్మాయ్, మోకాలి స్పెల్లింగు చూసుకుని రాయి అని పైకి చూసి అరిచారు. షాపులో ఎవరో నవ్వారు. బావ నవ్వలేదు. ఇంకా నవ్వడు.

నాలుగు బ్రష్‌లు.

జూలై 19, శనివారం

లైన్‌మాన్ వచ్చాడు. ఆకుపచ్చ తీగ బ్రష్ తెచ్చుకున్నాడు. బావ పైకి వేలు చూపించి, మరదలుందన్నా అన్నాడు. తెలుసు అన్నాడాయన. కూర్చున్నాడు. నురగ పెట్టించుకుని చాలాసేపు మాట్లాడాడు. ప్రతి మాటా వినపడింది.

రాయను.